పొగ గోడ దాటితే చాలదు, మిద్దె దాటాలి

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఎక్కడో చలి దేశంలో ఒకాయన తన చెక్క ఇంటి గోడకి రంధ్రం కోసి, కట్టెల స్టవ్వు గొట్టాన్ని అందులోంచి బయటికి తీసి, ఇంటి కప్పు దాటేదాకా నిలువునా ఎక్కిస్తున్నాడు. దాని కింద మావాళ్ల మాటలు ఏమంటే, ఇంత హంగామా ఎందుకు, మన దగ్గరైతే మేస్త్రీ అర్ధగంటలో బొక్క కొట్టి గొట్టం దూర్చేస్తాడు కదా అని. సరిగ్గా ఆ రోజుల్లోనే, చిత్తూరు వైపు పాకాల దగ్గర మా పల్లెలో అమ్మ కోసం కట్టిస్తున్న కొత్త వంటింట్లో మేస్త్రీ ఆ అర్ధగంట పనికే సుత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను ఆపించాను. ఎందుకు ఆపించానో ఇంట్లో సగంమందికి ఇంకా అర్థం కాలేదు, కోపాలు కూడా వచ్చాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

గోడలోంచి గొట్టం తీయడం మన ఇళ్లకి సరైన పద్ధతే. స్లాబుకి చిల్లు పెట్టి లోపలి కమ్మీలు కోసి, ఆ తర్వాత ప్రతి వానాకాలం అక్కడ కారుతోందని తారు పూసుకోవడం కంటే ఇది ఎంతో నయం. నా పేచీ అంతా గోడ దాటాక జరిగే దాని గురించి. బయటికి వచ్చిన గొట్టం పిట్టగోడ దాటి పైకి పోకపోతే, మనం డబ్బు పెట్టి చేయించుకున్నది పొగని వంటింట్లోంచి పడగ్గది కిటికీలోకి మళ్లించే ఏర్పాటు మాత్రమే.

గ్యాసు ఉండగా కట్టెల పొయ్యి ఎందుకు అంటే

అందరూ మొదట అడిగేది ఇదే, అడగాల్సిన ప్రశ్నే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మా అమ్మకీ గ్యాసు ఉంది. పొద్దున కాఫీ, టిఫిను, మధ్యాహ్నం కూర అన్నీ దాని మీదే అవుతాయి. కానీ పదిమందికి సంగటి గెలకాలంటే గ్యాసు స్టవ్వు మీద ఆ గిన్నె నిలవదు. తెడ్డుతో బలంగా తిప్పుతుంటే స్టవ్వే కదిలిపోతుంది. స్నానానికి అండా నీళ్లు, చెనక్కాయలు ఉడకబెట్టడం, పండగ రోజు ఇంటికొచ్చిన అందరికీ వండటం, ఇవన్నీ కట్టెల మీదే. పైగా మాది మామిడి తోటలున్న ఊరు. తోతాపురి కాయ కోత అయ్యాక కత్తిరించిన కొమ్మలు ఎండి అలా పడి ఉంటాయి, చింత మొద్దులు ఎలాగూ ఉంటాయి. చేతికందే కట్టెని పక్కనబెట్టి సిలిండరు కాల్చమంటే ఏ రైతు ఇంట్లోనూ వినరు. మా అమ్మ అయితే అసలు వినదు.

అంటే పొయ్యి ఉంటుంది. పొయ్యి ఉంటే పొగ ఉంటుంది. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా అవ్వని తిరుపతిలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించినప్పుడు ఆయన బీడీ తాగుతావా అని కూడా అడగలేదు, ఎన్నేళ్లు పొయ్యి ముందు కూర్చున్నావమ్మా అని అడిగాడు. అవ్వ లెక్క చెప్పలేక నవ్వింది. "పెండ్లయిన కాణ్ణించీ సామీ" అనింది. ఆ మాట విన్నాక పొగగొట్టం గురించి నాకు సర్దుబాటు ఆలోచనలు రావు.

గొట్టం ఎందుకు లాగుతుంది

మేస్త్రీ నాతో అన్నమాట: "ఏం కాదక్కా, పొగే కదా, దోవ చూపిస్తే అదే పోతాది." పొగకి దోవ చూపిస్తే సరిపోదు, దాన్ని లాగేది ఒకటి ఉండాలి. గొట్టంలో వేడి గాలి తేలిక, బయటి గాలి బరువు. ఆ తేడా ఎంత ఎత్తున నిలబడితే అంత బలంగా కింది నుంచి గాలి లోపలికి వస్తుంది, పొగ పైకి పోతుంది. ఎత్తు లేని గొట్టంలో ఈ బలం దాదాపు లేనట్టే. అడ్డంగా రెండడుగులు బయటికి వచ్చి ఆగిపోయిన గొట్టానికి ఎదురుగాలి కొడితే, పొగ ఎటు వచ్చిందో అటే వెనక్కి పోయి పొయ్యి నోట్లోంచి ఇంట్లోకి వస్తుంది.

ఈ సంగతి మా వైపు అందరికంటే బాగా తెలిసింది బెల్లం వండేవాళ్లకి. చిత్తూరు చుట్టుపక్కల చెరకు గానుగల దగ్గర చూడండి, చెరకు పిప్పి మంట ఒక కొసన, ఇటుకలతో కట్టిన పొగగొట్టం ఇంకో కొసన, మధ్యలో పెనం. మా ఊరి గానుగ పెద్దాయన్ని అడిగితే గొట్టం పొట్టిగా ఉంటే పాకం సరిగ్గా కాగదని, మంట నాలుక గొట్టం వైపు వంగి పరిగెత్తాలని చెప్పాడు. ఆయనకి ఇది చిన్నప్పటి నుంచి కళ్లారా చూసిన విషయం. మరి అదే ఊళ్లో, అదే మేస్త్రీల చేత ఇంటి పొయ్యికి పొట్టి గొట్టం ఎందుకు పెట్టించుకుంటాం? బెల్లం చెడితే డబ్బు పోతుంది, ఇంట్లో పొగ చేరితే ఆడవాళ్లు దగ్గుతారు. నాకు తోచిన కారణం అదే, ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

చంద్రగిరి వైపు మా బంధువుల ఇంట్లో ఈ పొట్టి గొట్టం ఉంది. సన్‌షేడు కిందే ఆగిపోయింది. వానకి తడవకుండా ఉంటుందని అక్కడ ఆపారట. ఇప్పుడు సన్‌షేడు అడుగంతా నల్లటి మసి, దాని పక్క కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది. నవంబరులో తుఫాను గాలి మొదలైతే పొయ్యి వెలిగించడమే మానేస్తారు. గొట్టం పెట్టిన రోజు పూజ చేసి కొబ్బరికాయ కొట్టారు. ఇంత ప్రేమగా చేసుకున్న పని నాలుగు అడుగుల దగ్గర ఆగిపోయిందే అని నాకు ప్రతిసారీ బాధ వేస్తుంది.

ఇక్కడ ఒక విషయం మన పక్షాన ఉంది. చలి దేశాల్లో గోడ బయట నిలబడ్డ గొట్టం త్వరగా చల్లబడి లాగుడు తగ్గుతుంది, పొగలోని తేమా తారూ లోపల గడ్డకడతాయి. అందుకే వాళ్లలో తెలిసినవాళ్లు వీలైతే గొట్టాన్ని ఇంటి లోపలి నుంచే పైకి తీసుకుపొమ్మంటారు. తిరుపతి, చిత్తూరుల్లో బయట ఆ చలి ఎక్కడిది? ఎండాకాలం బయటి గొట్టం ఎండకే కాలిపోతుంటుంది. పైగా లోపలి నుంచి పోతే ఆ వేడంతా మే నెలలో వంటింట్లోనే పడుతుంది. కాబట్టి వాళ్లకి రెండో రకం పద్ధతి మనకి మొదటి రకం అవుతుంది. వీడియోలో చూసింది చూసినట్టు చేయమని నేను అనడం లేదు. కాకపోతే ఎత్తు విషయంలో మాత్రం వాళ్ల లెక్క మనకి కూడా పనికొస్తుంది. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టిన 211 అనే ప్రమాణం ప్రకారం గొట్టం కప్పు దాటిన చోటి నుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి, చుట్టూ 10 అడుగుల లోపు ఇంటి భాగం ఏది ఉన్నా దానికంటే 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. మన మిద్దెకి అంటే పిట్టగోడ కంటే, ట్యాంకు దిమ్మె కంటే, పక్కనే మెట్లగది ఉంటే దానికంటే. మిద్దె మీద వడియాలు ఎండబెట్టేవాళ్లకి, బట్టలు ఆరేసేవాళ్లకి ఈ ఎత్తు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

గోడలో ఏం జరుగుతుంది

"మనది ఇటుక గోడ, చెక్క గోడ కాదు కదా, కాలేదేముంది" అని మా తమ్ముడి వాదన. నిజమే. వాళ్ల దగ్గర ఒంటి రేకు గొట్టం చెక్కకి 18 అంగుళాల దూరంలో ఉండాలి, చెక్క గోడ దాటేచోట లోపల ఇన్సులేషన్ ఉన్న ప్రత్యేకమైన గొట్టం వాడాలి. మన తొమ్మిది అంగుళాల ఇటుక గోడకి అంత అక్కర్లేదు. కానీ గోడ కాలకపోయినా పగులుతుంది. ఇనుప గొట్టం మీటరు పొడవున్నది 200 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకి పైగా సాగుతుంది, పొయ్యి ఆరితే మళ్లీ ముడుచుకుంటుంది. చుట్టూ సిమెంటు గట్టిగా కూరితే ఈ సాగడం ముడుచుకోవడంతో గిలాబా (ప్లాస్టరింగు) పగిలి, ఆ పగుల్లోంచి వాన నీళ్లు గోడలోకి దిగుతాయి. గిలాబా వెనక కరెంటు పైపులు ఎటు పోయాయో చూసుకోవాలి. ఇప్పటి వంటిళ్లలో ప్లైవుడ్ కబోర్డులు, పీవీసీ సీలింగు కూడా ఉంటున్నాయి, అవి కాలేవే. ఆ 18 అంగుళాల మాట అక్కడ మనకీ వర్తిస్తుంది.

మేము చేసింది ఇది. లింటెలుకీ స్లాబుకీ మధ్య, బీము తగలని చోట, తిరుపతి నుంచి కోర్ కటింగ్ మిషను తెప్పించి గుండ్రంగా కోయించాం. అందులో ఇనుప బోరు కేసింగు ముక్క, ఏడంగుళాలది, తొడుగులా పెట్టాం. ఫెయిలైన బోర్లు ఇన్ని ఉన్న మా వైపు ఆ ముక్కలకి కొదవలేదు. దాని నడుమ నాలుగు అంగుళాల గొట్టం పోతుంది, చుట్టూ ఉన్న సందులో సిరామిక్ ఊలు కూరాం. అది కాలదు, మెత్తగా ఉంటుంది కాబట్టి గొట్టం సాగినా గోడకి దెబ్బ తగలదు. లోపలా బయటా రేకు రింగులు, బయటి రింగు చుట్టూ వేడికి ఆగే సిలికాను.

గొట్టం దేనితో అనే దాని మీద పెద్ద చర్చే జరిగింది. ప్లంబరు మిగిలిపోయిన పీవీసీ పైపు చూపించాడు. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాలితే వచ్చేది విషపు గాలి. మా చిన్నాయన పాత ఇంటి నుంచి తీసిన ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టం ఇస్తానన్నాడు. ప్రేమతో ఇస్తానన్నది వద్దనడం కష్టమే, కానీ కోస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి క్యాన్సరు తెస్తుంది, వేడికి పగులుతుంది కూడా. జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము, పొయ్యి దగ్గరి ముక్కకి వద్దు, ఆ వేడికి జింకు పూత చెడి పొగలు వస్తాయి. పొయ్యి నుంచి గోడ దాకా మామూలు ఇనుము, బయట స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టించాం. ఇనుప ముక్క కొన్నేళ్లకి తుప్పు పట్టి మార్చాల్సి వస్తుంది, అది తెలిసే పెట్టాం.

వెల్డింగ్ షాపు అతనితో ఇంకో వాదన. గొట్టం ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఎటు దూరాలి? పొగ పైకి పోతుంది కాబట్టి కింది ముక్క కొస పైదాంట్లోకి పోవాలని అతను అలాగే తయారుచేశాడు. పొగ పైకి పోయినా గొట్టం లోపల చల్లబడిన తారునీళ్లు కిందికే జారతాయి, అందుకే పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగాలి, లేకపోతే ప్రతి అతుకు దగ్గరా నల్లటి చారలు గోడ మీదికి వస్తాయి. మా బాత్రూము డ్రైనేజీ పైపు చూపించాక ఒప్పుకున్నాడు, ఒప్పుకోవడమే కాక గోడలో పోయే అడ్డం ముక్క విషయం అతనే లేవనెత్తాడు. అది బయటికి పోయేకొద్దీ కొంచెం పైకి లేవాలి, అడుగుకి పావు అంగుళం చొప్పున, అప్పుడే పొగ ఆగకుండా పోతుంది. కానీ అలా లేస్తే బయట గొట్టం మీద పడిన వాన జారి గోడ వైపే వస్తుందే అన్నాడు. మంచి ప్రశ్న. అందుకే గోడకి కాస్త ముందు గొట్టం చుట్టూ గొడుగులాంటి చిన్న రేకు పట్టీ వేశాం, నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఏ గోడ అనేది కూడా ఆలోచించాల్సిందే. వంటిల్లు ఆగ్నేయంలో ఉంది కాబట్టి తూర్పు గోడ, దక్షిణం గోడ రెండూ దొరుకుతాయి. మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం వైపు నుంచి కొడతాయి. తూర్పు గోడ అయితే వానా గాలీ నేరుగా చిల్లు మీదే పడతాయి. దక్షిణం గోడ ఎంచుకున్నాం. వాస్తు చూసే పెద్దాయన కూడా అడ్డు చెప్పలేదు.

అయినా నాకున్న అనుమానాలు

గొట్టం సరిగ్గా పెడితే అంతా అయిపోతుందా? అలా అనుకునేదాన్నే అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసేదాన్ని. మన దేశంలో ఈ కథ పాతది. 1950ల్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు గొట్టం ఉన్న పొగలేని పొయ్యి తయారుచేశారు. 1980ల్లో మొదలై 2002లో ఆగిపోయిన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద దేశమంతా మూడు కోట్లకి పైగా మెరుగైన పొయ్యిలు పంచారు. ఇప్పుడు మన పల్లెల్లో అవి ఎన్ని కనిపిస్తున్నాయి? ఒడిశాలో రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు గొట్టం ఉన్న పొయ్యిల మీద నాలుగేళ్ల దాకా చేసిన అధ్యయనంలో, మొదటి ఏడాది వండేవాళ్లు పీల్చే పొగ తగ్గింది, ఆ తర్వాత తేడా లేకుండా పోయింది. ఆరోగ్యంలో మార్పు కనిపించలేదు. జనం ఆ పొయ్యిల్ని సరిగ్గా వాడలేదు, గొట్టాల బాగోగులు చూడలేదు.

దీన్ని చదివినప్పుడు నాకు కాసేపు ఏమీ తోచలేదు. ఇంత చేయించి, రెండేళ్లకి మసి పూడుకుపోతే? మా తమ్ముడు ఇదే పట్టుకుని, అయితే గొట్టం మీద డబ్బు దండగే కదా అన్నాడు. నేను దాన్ని వేరేలా చదువుతాను. గొట్టం తుడవడం కష్టంగా ఉంటే ఎవరూ తుడవరు. నిచ్చెన వేసుకుని బెండు (వంపు ముక్క) విప్పాల్సి వస్తే మా అమ్మ ఎప్పుడు తుడవాలి, ఎవర్ని పిలవాలి? అందుకే బయట గోడ దాటిన చోట బెండుకి బదులు టీ, అంటే మూడు నోళ్లున్న T ఆకారపు ముక్క, పెట్టించాం. దాని నిలువు కాలు కిందికి వచ్చి మనిషి చేతికి అందే ఎత్తులో మూతతో ఆగుతుంది. మూత తీస్తే మసి తట్టలో పడుతుంది, పొడుగు కర్రకి బ్రష్షు కట్టి కింది నుంచే తోయొచ్చు. ఈ ఒక్క మూత లేకపోతే మిగతా పనంతా రెండేళ్ల ముచ్చటే అవుతుందని నా గట్టి నమ్మకం. మసి తుడవకపోతే పొగ వెనక్కి రావడం ఒక్కటే కాదు, పేరుకున్న తారు ఎప్పుడో అంటుకుంటుంది. గొట్టం లోపల మంట వెయ్యి డిగ్రీల దాకా పోగలదు, అప్పుడు ఆ సిరామిక్ ఊలు విలువ తెలుస్తుంది. పచ్చి కట్టె కాలిస్తే తారు మరీ ఎక్కువ, కనీసం ఒక ఎండాకాలం ఎండిన కట్టె వాడాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్త వంటిళ్లన్నింట్లో ఉంటోంది. తలుపులు, కిటికీలు బిగించి ఫ్యాను వేస్తే అది గది గాలిని బయటికి తోసేస్తుంది, ఆ ఖాళీ నింపడానికి గాలి ఎటు నుంచి వస్తుంది? గొట్టంలోంచి, పొగతో సహా. పొయ్యి వెలుగుతున్నంతసేపు ఫ్యాను ఆపాలి, కిటికీ ఒకటి తెరిచి ఉండాలి. ముఖ్యంగా నిప్పులు ఆరుతున్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకి వాసన ఉండదు, కంటికి కనపడదు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన మాట మా పెద్దమ్మది. "ఇంట్లో పొయ్యి ఎందుకమ్మా, వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుంటే పొగ ఆకాశానికి పోతాది, గొట్టమూ వద్దు గోడకి చిల్లీ వద్దు." ఇందులో చాలా నిజం ఉంది. చాలా ఇళ్లలో ఎండాకాలం అదే చేస్తారు, అది తక్కువ పని కానే కాదు. కానీ వానాకాలం మూడు నెలలూ అందరూ పొయ్యిని లోపలికి తెచ్చుకునేదే. సరిగ్గా తలుపులన్నీ మూసుకునే రోజుల్లో, గొట్టం లేని గదిలో. ఆరుబయట కూడా పొయ్యి ముందు వంగి కూర్చున్న మనిషి ముఖానికి పొగ తగులుతూనే ఉంటుంది. పెద్దమ్మ కళ్లు చూస్తే తెలుస్తుంది, ఆమెతో ఆ మాట అనలేకపోయాను.

ఇక పొగ బయటికి పంపితే ఊరి గాలిలోకే కదా పోతుంది అనేదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎత్తుకి పోతే పలచబడుతుంది, అంతవరకే. అందరి ఇళ్లలో గొట్టాలు వస్తే చలికాలం పొద్దున ఊరి మీద పొగ పరుచుకోదని నేను చెప్పలేను. గ్యాసుతో అయ్యే పని గ్యాసుతోనే చేసుకోవడం, ఎండిన కట్టె కాల్చడం, ఈ రెండే నాకు చేతనైనవి.

పక్కింటి చిన్నాయన వాళ్లు వచ్చే ఏడాది మేడ వేస్తామంటున్నారు. వాళ్ల కొత్త గోడ మా గొట్టానికి 10 అడుగుల లోపే వస్తుంది, అప్పుడు ఇప్పటి ఎత్తు చాలదు. అందుకని గొట్టం పై కొసకి ఫ్లాంజి, అంటే వెడల్పాటి అంచు, వేయించి బోల్టు రంధ్రాలు వదిలాం, పైన ఇంకో ముక్క బిగించుకోవచ్చు. అది గాలికి ఊగకుండా స్టే వైర్లు కట్టడానికి పిట్టగోడలో కొక్కేలు కూడా ఇప్పుడే పెట్టించాం. మేడ మీద గదికి కిటికీ మా వైపు కాకుండా ఇంకో వైపు పెట్టుకోమని చిన్నాయనకి చెప్పాను. ఇంజనీరుని అడిగి చెప్తానన్నాడు.